శోధగంగలో తెలుగు పాయ

పరిశోధనమునకు మూడు దశలు కలవు. విషయమును శోధించుట మొదటిది. శోధించినదానిని భద్రపరచుట రెండవది. భద్రపరచినదానిని లోకమునకు అందించుట మూడవది. మొదటి రెండింటియందు మన విశ్వవిద్యాలయములు చూపిన శ్రద్ధ మూడవదానియందు చూపలేదని చెప్పక తప్పదు. సిద్ధాంత వ్యాసమనగా చిరకాలము అట్టకట్టిన నాలుగైదు ప్రతులు మాత్రమే. పరీక్షకుల చేతులు దాటి గ్రంథాలయపు బీరువా చేరిన పిదప అవి మరల వెలుగు చూచుట అరుదు. ఈ స్థితిని మార్చుటకు వచ్చినది శోధగంగ. తెలుగు వ్యాసముల విషయమున దాని గుణదోషములను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

2002వ సంవత్సరమున బుడాపెస్టు నగరము పేర వెలువడిన ప్రకటన, పరిశోధన ఫలితములను రుసుము లేక చదువుటకును, ప్రతి తీసికొనుటకును అంతర్జాలమున అందరికి వీలుండవలెనని కోరినది. దీనినే ఓపెన్ యాక్సెస్ అనుచున్నారు. ఆ యేడే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తన భాండాగారమును తెరచెను. 2004లో మన చెన్నైయందు స్వామినాథన్ పరిశోధన సంస్థలో ఈ విధానముపై శిక్షణ శిబిరములు జరిగినవి. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పిహెచ్.డి. వ్యాసముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పింపవలెనని నియమించినది. వానిని గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము శోధగంగయందు నిలుపుచున్నది. హోసూరు పల్లెలోని తెలుగువాడును చేతిఫోనున ఒక వ్యాసమును తెరచి చదువగలుగుట సామాన్యమైన మేలు కాదు.

అయినను ఉంచుట వేరు, దొరకుట వేరు. దోషములలో మొదటిది శీర్షికలకు సంబంధించినది. తెలుగున వ్రాసిన వ్యాసముల పేర్లు పట్టికలో అనేక చోట్ల రోమను లిపిలోనో, ఆంగ్లానువాదముగానో ఉన్నవి. మన మాటలు ఆ లిపిలో ఒక్క తీరున నిలువవు. ‘ప్రబంధము’లో బకారమునకు లేని ఒత్తును ఒకరు చేర్తురు, ధకారమునకున్న ఒత్తును ఇంకొకరు విడుతురు. ‘వాఙ్మయము’ ఎన్ని రూపములు దాల్చునో చెప్పనలవి కాదు. వెదకువాని వ్రాతయు పట్టిక కూర్చినవాని వ్రాతయు కలిసినగాని వ్యాసము చిక్కదు.

రెండవది అక్షరరూపము. యూనికోడు 1991లోనే తెలుగునకు స్థానమిచ్చినను, మన డి.టి.పి. పనివారు చిరకాలము వేరు సంకేతములుగల ఫాంట్లనే వాడిరి. అట్టి పుట కంటికి తెలుగు. యంత్రమునకు అర్థములేని గుర్తుల గుంపు. పాత వ్యాసములు పెక్కు పుటల ఛాయలు మాత్రమే. మూడవది సంగ్రహము లేకపోవుట. అధ్యాయములు విడివిడిగా నుండును గాని, ఏ అధ్యాయమున ఏమున్నదో అన్నిటిని తెరచి చూచిననే తెలియును.

పట్టిక విలువ ఈ నగరమునకు తెలియనిది కాదు. మెకంజీ దొర 1821లో మరణించునాటికి కూర్చిన కైఫియత్తులు, తాళపత్రములు రాశులుగా నుండెను. 1828లో విల్సను ప్రకటించిన వివరణ పట్టికవలన అందలి విషయము విద్వాంసులకు విశదమైనది. బ్రౌను సేకరించిన తెలుగు ప్రతులును, 1869లో స్థాపితమైన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరి, పట్టికల మూలముననే పరిశోధకుల చేతికందినవి. తాటాకునకు చేసిన ఉపకారము నేటి వ్యాసమునకు చేయకుండుట న్యాయమా?

వ్యాసములను బహిరంగపరచినచో గ్రంథచౌర్యము పెరుగునని కొందరు జంకుదురు. నిజమునకు బీరువాలోని వ్యాసమును దొంగిలించిన పట్టుకొనుట కష్టము. పదిమంది చూచుదానిని దొంగిలించిన దాచుట కష్టము. గ్రంథముగా ముద్రింపదలచినవారికి కొంత గడువిచ్చుట మాత్రము ఉచితమే. ఒక్కచోటనే ఉంచుటలోను అపాయము కలదు. భారత డిజిటల్ గ్రంథాలయపు నిలయము మూతపడినపుడు, వేరొకచోట ప్రతులుంచినవారి పుణ్యముననే అందలి తెలుగు గ్రంథములు దక్కినవి.

మైనారిటీ భాషా పాఠశాలలో తెలుగు చెప్పువాడను గనుక ఒక అనుభవము మనవి చేసికొందును. 2006 నాటి చట్టముతో ఈ రాష్ట్రమున తమిళము మొదటి భాషగా నిర్బంధమైన పిదప, మా తరగతులలో తెలుగు నిలుచుట పిల్లల ఆసక్తిపై ఆధారపడినది. తెలుగువారు ఈ ఊరికి ఎప్పుడు, ఎందుకు వచ్చిరని తొమ్మిదవ తరగతి బాలిక అడిగినది. ఒక అంతర్జాల భాండాగారమున తెలుగు అక్షరములతో వెదకితిని, ఒక్కటియు కనబడలేదు. రోమను లిపిలో మూడవ మారు వర్ణక్రమము మార్చినపుడు ఒక వ్యాసము దొరికినది. అది ఈ నగరముననే సమర్పితమైనది! బాలిక తానే వెదకియున్నచో, అట్టి వ్యాసమే లేదనుకొనెడిది.

కావున నా సూచనలు నాలుగు. ప్రతి వ్యాసమునకు శీర్షికయు, కీలకపదములును తెలుగు లిపిలో నుండవలెను. ఒక పుట సంగ్రహము తేట తెలుగున చేర్చవలెను. కొత్త వ్యాసములను యూనికోడులోనే స్వీకరింపవలెను. కడపటిది మన సంఘముల పని: తెలుగు శాఖలతో కలిసి ఏటేట కొత్త వ్యాసముల పట్టిక అచ్చువేసి పాఠశాలలకు పంపవలెను. పొరుగున తమిళులు 1998లో మదురై ప్రణాళిక పేర స్వచ్ఛందముగా ప్రాచీన గ్రంథములను టైపుచేసి అందరికి అందించుట ఆరంభించిరి. మనకు చేయవలసినది అంతకంటె చాల స్వల్పము. గంగ వచ్చినది, రేవు కట్టుట మన వంతు.