పాత సైనిక పిస్తోలు: కొనే కన్ను, కాపాడే చెయ్యి

కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ 1941లో అమెరికా సైన్యానికి 500 పిస్తోళ్లు చేసి ఇచ్చి, ఆ పని అక్కడితో వదిలేసింది. వాటిలో ఒకటి వేలానికొస్తే లక్ష డాలర్లు దాటి పలికిన సందర్భాలున్నాయి. టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్ మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో దాదాపు 9 లక్షలు తయారుచేసింది. రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ సుమారు 55,000 చేసింది. తుపాకుల పనిలోనే పుట్టి పెరిగిన కోల్ట్, ఇథకా సరేసరి. కంపెనీ ఏదైనా పిస్తోలు ఒకటే, ఎం1911ఏ1. జాన్ బ్రౌనింగ్ గీసిన నమూనాను అమెరికా సైన్యం 1911 మార్చి 29న ఆమోదించింది. 1920లలో ట్రిగ్గర్‌ను పొట్టిచేసి, పిడి వెనకవైపు కాస్త ఉబ్బెత్తుగా మార్చింది, అలా వచ్చిందే ఏ1. 1985లో బెరెటా 9 ఎంఎం పిస్తోలును ఎంచుకునేదాకా సిపాయిల నడుముకు వేలాడింది ఇదే.

ఒక కంపెనీ చేసిన భాగం మరో కంపెనీ పిస్తోలులో అమరి తీరాలన్నది సైన్యం షరతు. కొనేవాళ్లు ముందుగా ఆకళించుకోవాల్సింది ఈ షరతునే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన పిస్తోళ్లను రాక్ ఐలండ్, అగస్టా, స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి ఆయుధాగారాల్లో పూర్తిగా విప్పేవారు. మంచి భాగాలన్నీ కలిపి, ఏది చేతికొస్తే దానితో మళ్లీ బిగించి, పార్కరైజింగ్ అనే బూడిదరంగు ఫాస్ఫేట్ పూత పూసి, తమ ముద్ర కొట్టి పంపేవారు. అందుకే కోల్ట్ స్లైడు, రెమింగ్టన్ రాండ్ ఫ్రేము, హై స్టాండర్డ్ కంపెనీ బ్యారెల్ ఒకే పిస్తోలులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి కల్తీ సరుకనుకుని పక్కన పెట్టేస్తారు. నా దృష్టిలో సైనిక జీవితాన్ని నిజంగా గడిపిన పిస్తోలు అదే. అన్ని భాగాలూ ఒకే కంపెనీవైతే ధర బాగా ఎక్కువ. ఆ ధర కోసమే ఈమధ్య భాగాలు మార్చి ‘అచ్చమైన అసలుది’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఫ్రేము ఎడమవైపు ఉండే తనిఖీ అధికారి పొడి అక్షరాలు చూడాలి. యుద్ధకాలపు కోల్ట్‌లలో ఎక్కువవాటి మీద జీహెచ్‌డీ, రెమింగ్టన్ రాండ్, ఇథకాల మీద ఎఫ్‌జేఏ, యూనియన్ స్విచ్ మీద ఆర్‌సీడీ ఉండాలి. స్లైడు అరుగుదల, ఫ్రేము అరుగుదల ఒక్క తీరున ఉన్నాయో లేదో కూడా చూడాలి. అమ్మేవాడు చెప్పే కథకు మాత్రం పైసా ఇవ్వనక్కర్లేదు.

సైన్యం గోదాముల్లో మిగిలినవాటిని పౌరులకు అమ్మే బాధ్యత సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్‌ది. 2018లో అమ్మకం మొదలైనప్పుడు, పిస్తోలు స్థితిని బట్టి, సర్వీస్ గ్రేడు 1,050 డాలర్లు, ఫీల్డ్ 950, ర్యాక్ 850. అడిగేవాళ్లు సరుకును మించిపోవడంతో వరస సంఖ్యలను కంప్యూటర్‌తో తీశారు. కొనుగోలుదారు అమెరికా పౌరుడై ఉండాలి, అనుబంధ క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. నేపథ్య తనిఖీ రెండుసార్లు జరుగుతుంది, పిస్తోలు లైసెన్సున్న డీలరు దగ్గరికే వస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. స్నేహితుడి చేత అతని పేరున కొనిపించుకోవడమూ నేరమే.

ఇక పిస్తోలు చేతికొచ్చాక మొదటి పని, ప్రతిసారీ మొదటి పని ఒకటే. మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, తూటా గదిని కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. ఆ తర్వాతే పరీక్షలు. హ్యామర్ ఎత్తి, బొటనవేలి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి. సేఫ్టీ తీసినప్పుడు హ్యామర్ కదలకూడదు. పిడి వెనకున్న గ్రిప్ సేఫ్టీని తాకకుండా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడకూడదు. స్లైడును పావు అంగుళం వెనక్కి లాగి పట్టుకుని నొక్కినా పడకూడదు. ఒక్కటి తప్పినా, తుపాకీ మరమ్మతు తెలిసినవాడి చేతికి పోవాల్సిందే. బ్యారెల్‌ను వెలుగుకు ఎత్తి లోపల చూస్తే నల్లటి ఉంగరంలా వలయం కనబడితే అది ఎప్పుడో ఉబ్బిన బ్యారెల్. బ్యారెల్ అడుగున ఉన్న చిన్న లింకు అరిగిందేమో, పైన స్లైడులో ఇరికే లగ్గుల అంచులు గుండ్రబడ్డాయేమో చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్లైడ్లకు ఉష్ణోపచారం లేదు, అవి పగిలే ప్రమాదం ఎక్కువ. వాటిని పేల్చకుండా దాచుకోవడమే మేలు. రెండో యుద్ధంనాటివి గట్టివే అయినా 230 గ్రెయిన్ల మామూలు తూటాలే వాడాలి, ఒత్తిడి పెంచిన ప్లస్-పీ తూటాల జోలికి పోకూడదు.

స్లైడును వెనక్కి ఆపి, మళ్లీ ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగు 16 పౌండ్లది. ఎన్నో ఏళ్లు పనిచేసిన స్ప్రింగు మెత్తబడితే స్లైడు ఫ్రేమును గట్టిగా మోదుతుంది, దెబ్బ ఫ్రేముకు తగులుతుంది. కాబట్టి కాల్చేముందు స్ప్రింగులన్నీ మార్చి, పాతవాటిని చీటీ రాసి పొట్లంలో దాచాలి. అవి ఆ పిస్తోలు చరిత్రలో భాగం. మరో అలవాటు కూడా వెంటనే చేసుకోవాలి. తూటాను ఎప్పుడూ మ్యాగజైన్ నుంచే ఎక్కించాలి. గదిలో తూటా పెట్టి స్లైడును దాని మీదికి వదిలితే ఖాళీ తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ వంగిపోతుంది.

విప్పడానికి పరికరం అక్కర్లేదు. స్ప్రింగు మూతను వదిలేటప్పుడు బొటనవేలితో గట్టిగా అదిమి పట్టాలి, లేదంటే కంటిలోకి ఎగురుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్‌ను పక్కకు జార్చి తోస్తే ఫ్రేము మీద వంపుగీత పడుతుంది. ఆ గీత ఉన్న పిస్తోళ్లు ఎన్నో. మీ చేతుల మీదుగా మరొకటి పడకుండా చూసుకోండి.

యుద్ధకాలపు .45 తూటాల్లో చాలావాటి ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉంటుంది. కాల్చాక మిగిలే పొటాషియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఈ ఉప్పు నూనెకు కరగదు, నీటికి కరుగుతుంది. అందుకే ముందు వేడి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. పిడి పలకలు విప్పి కింద కూడా తుడవాలి, తుప్పు దాక్కునే చోటు అది.

పూత దగ్గరే ఎక్కువమంది చెయ్యి జారుతుంది. పాలిష్ పెట్టి మెరిపించినా, కొత్తగా నలుపు పూయించినా పిస్తోలు అందంగానే కనిపిస్తుంది, కానీ ఆయుధాగారం ముద్రలు మసకబారతాయి, ధర సగానికి పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మళ్లీ వెనక్కి తెచ్చే దారి ఉండదు. ఫాస్ఫేట్ పూత నూనెను పట్టి ఉంచుతుంది, పలుచగా నూనె రాస్తే చాలు. తుప్పు మచ్చ ఉంటే నూనెలో ముంచిన మెత్తటి కంచు నారతో ఆ మచ్చ వరకే రుద్దాలి.

చివరగా, తోలు ఒరలో పెట్టి దాచకూడదు. తోలు శుద్ధిచేసిన రసాయనాలు, అది పట్టే తేమ రెండూ ఉక్కును తినేస్తాయి. ఒరను విడిగా, పిస్తోలును నూనె గుడ్డలో చుట్టి తాళం వేసిన పెట్టెలో, తూటాలను మరో చోట ఉంచాలి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, అవి తేమ పీల్చుకుని పాడవగానే మార్చాలి.