నూతి దగ్గర మనం ఎందుకు నవ్వుతాం?

రెండేళ్ల క్రితం బి.ఏ. రెండో సంవత్సరం తరగతిలో 'కన్యాశుల్కం' చదివిస్తున్నాను. పాత్రల్ని పిల్లలకి పంచి గొంతెత్తి చదివించడం నాకు అలవాటు. గిరీశం కోసం ముగ్గురు పోటీపడ్డారు. అగ్నిహోత్రావధాన్లుగా చదివిన కుర్రాడు ఆ కోపాన్ని భలే పట్టుకున్నాడు. చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లకి పద్దెనిమిది వందలకి కుదిర్చానని ఆయన చెప్పడం, భార్య వెంకమ్మ ఎదురుతిరగడం, ఆయన వీరంగం, ఆవిడ పోయి నూతిలో పడటం, అందరూ నూతి దగ్గరికి పరుగెత్తడం. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వులు సద్దుమణిగాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది. "మేడమ్, ఆవిడ నిజంగా చచ్చిపోదామనే దూకిందా?"

నేను చెప్పలేకపోయాను. గంట కొట్టారు, బతికిపోయాను.

చెప్పలేకపోవడం నాకు చిన్న విషయం కాదు. తెలుగు నాటకంలో హాస్యం మీద అయిదేళ్లు పనిచేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. ఆ సాయంత్రం నా సిద్ధాంత గ్రంథం తీసి చూసుకున్నాను. వెంకమ్మ నూతిలో పడటం గురించి అందులో మూడే పంక్తులున్నాయి. కోపిష్టి మొగుడూ, మొండి పెళ్లామూ, ఇంట్లో గందరగోళమూ కలిసి హాస్యం పండిందని రాశాను. అంతే. పరీక్షకులు అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

ఎందుకు అడుక్కోలేదో మా అమ్మకి ఫోన్ చేశాక తెలిసింది. మా ఇంట్లో ఒక నూతి కథ ఉంది. పెళ్లిళ్లలో, పండగల్లో పెద్ద మావయ్య చెప్పేవాడు. శారదా చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మా అమ్మమ్మకి పదమూడో ఏట పెళ్లయింది. ఒక వేసవి మధ్యాహ్నం పులుసులో ఉప్పెక్కువైందని తాతయ్య కంచం విసిరాడు. అమ్మమ్మ ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లి నూతిలో దూకింది. నడివేసవి కాబట్టి నీళ్లు నడుంలోతే ఉన్నాయి. పక్కింటి కుర్రాడు చేద తాడు పట్టుకుని దిగి పైకి తీశాడు. గట్టుమీద కూర్చోబెట్టగానే అమ్మమ్మ అన్న మొదటి మాట, "పొయ్యిమీద పాలున్నాయి, చూడండర్రా!" ఇక్కడ అందరం విరగబడి నవ్వేవాళ్లం. అమ్మమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ రాత్రి అమ్మ చెప్పింది. నూతిలో అమ్మమ్మ కాలి మడమ విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్తే ఎలా విరిగిందో చెప్పాలి కదా, అందుకని ఇంట్లోనే కట్టుకట్టారు. సరిగ్గా అతకలేదు. చిన్నప్పుడు మేం మనవలందరం అమ్మమ్మలా ఒక పక్కకి ఒరిగి నడిచి చూపించి నవ్వుకునేవాళ్లం. ఆ నడక ఆవిడకి పుట్టుకతో వచ్చిందనుకున్నాను. కథలో పాలున్నాయి, ఉప్పుంది, చేద ఉంది. మడమ మాత్రం లేదు.

ఆ తర్వాతే వెంకమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను.

పెద్ద కూతురు బుచ్చమ్మని ఇలాగే ఒక ముసలివాడికిస్తే ఆ పిల్ల వితంతువై పుట్టింట్లో కళ్లెదుట తిరుగుతోంది. ఇప్పుడు రెండో పిల్ల వంతు. మొగుడు వినడు. తమ్ముడు కరటకశాస్త్రి మాట కూడా వినడు. ఆవిడకి ఆస్తి లేదు, కూతురి పెళ్లిలో మాట చెల్లదు. చేతిలో మిగిలింది తన ఒళ్లు, పెరట్లో నుయ్యి. కాబట్టి ఆ దూకడం ఆవిడ చేయగలిగిన ఆఖరి వాదన. అది కూడా ఓడిపోతుంది. భార్య నూతిలో పడినా అగ్నిహోత్రావధాన్లు పెళ్లి మానుకోడు. ప్రాణం పణంగా పెట్టినా ఆ ఇంట్లో ఒక ఆడదాని మాట నెగ్గలేదన్నదే సన్నివేశం చెబుతున్న సంగతి. నవ్వులో అది మనకి వినపడదు.

గురజాడకి ఇది తెలియదా? బాగా తెలుసు. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో ముందుమాట రాశారు. నేను ఎం.ఏ.లో చదివినప్పుడు అది మా పాఠంలో లేదు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారని అందులో చెబుతారు. లెక్కకి వచ్చినవి 1,034. అందులో 99 మంది పెళ్లికూతుళ్లకి అయిదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు. 36 మందికి మూడు. ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పాపల ధర మూడువందల యాభై నుంచి నాలుగువందలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదుర్చుకునేవారట. ముందుమాటలో ఈ అంకెలు రాసిన చేతితోనే ఆయన ఆ నాటకం రాశారు.

అంకెల్ని పక్కన పెట్టుకుని చదివితే నాటకం మారిపోతుంది. హాస్యంలో పాఠకులతో ఒక ఒప్పందం ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదని. ఆ ఒప్పందం నిలబెట్టడానికి గురజాడ ఎన్ని జాగ్రత్తలు తీసుకోవలసి వచ్చిందో చూడండి. వెంకమ్మని నూతిలోంచి తీయించారు. సుబ్బిని తప్పించారు. లుబ్ధావధాన్ల పక్కన పీటలమీద కూర్చున్నది పిల్ల కాదు, ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. ముసలివాడి పెళ్లికి మనం అంత హాయిగా నవ్వగలిగేది ఆ పెళ్లికూతురు మగపిల్లవాడని మనకి తెలుసు కాబట్టే. చీరలోంచి మహేశాన్ని తీసేసి సుబ్బిని కూర్చోబెడితే ఎవరు నవ్వగలరు? పైగా, ఆ 'పెళ్లికూతురు' మాయమైతే చంపేశాడని లుబ్ధావధాన్ల మీద హత్యానేరం వచ్చి పడుతుంది. అసలు లేని ఆడపిల్ల కోసం పోలీసులూ కోర్టులూ కదిలాయి. నిజంగా ఉన్న ఆ వెయ్యిన్ని ముప్పైనాలుగు పెళ్లిళ్లకి ఏ కచేరీ కదల్లేదు. ఈ వ్యంగ్యం గురజాడది. ఇక్కడ ఆయన నవ్వు పిల్లల మీద కాదు, పిల్లల్ని అమ్మే పెద్దల మీద.

అయితే బుచ్చమ్మ దగ్గరికి వచ్చేసరికి నాకు ఈ ధైర్యం చాలదు.

గిరీశం ఎవరు? అప్పులవాళ్లకి మొహం చాటేసి, శిష్యుడి ఇంట్లో చేరి, ఆ శిష్యుడి అక్క మీద కన్నేసినవాడు. ఆ అక్క లోకం తెలియని వితంతువు. వితంతు వివాహం అనే గొప్ప మాటని ఎరగా వేసి, సుబ్బి పెళ్లి ప్రయాణపు హడావుడిలో ఆమెని దారి మళ్లించి తీసుకుపోతాడు. ఈ పని ఇంకే మగవాడైనా చేస్తే మనం దాన్ని ఏమంటాం? గిరీశం చేస్తే 'చమత్కారం' అంటాం. అతని మాట సొగసులో బుచ్చమ్మకి ముంచుకొచ్చిన ముప్పు కనపడదు. విశాఖపట్నంలో మధురవాణి అడ్డం పడకపోయినా, సౌజన్యారావు కళ్లు తెరవకపోయినా ఆమె గతేమిటి? చివరికి ఆమెని పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయం జరుగుతుంది. మంచి నిర్ణయమే. కానీ అది జరుగుతున్నప్పుడు బుచ్చమ్మ రంగస్థలం మీద లేదు. తెర పడేముందు మాట గిరీశానిది, కథ ఎదురుతిరిగిందని విసుక్కోవడం. హాలు నవ్వుతూ లేచి ఇంటికి వెళ్తుంది. మోసపోయిన పిల్ల ఏమనుకుందో ఎవరికీ అక్కర్లేకపోయింది. గురజాడ గిరీశాన్ని ఓడించారు, నిజమే. ఆఖరి నవ్వు మాత్రం అతనికే వదిలేశారు.

ఆ తర్వాత వందేళ్లకి పైగా మనం చేసినది ఇంకా దారుణం. వదిలేసిన ఆ నవ్వునే దాచుకుని మిగతాది పారేశాం. 1955 సినిమాలో ఎన్.టి. రామారావు గిరీశమయ్యాక అతనిలోని మోసగాడు మరింత ముద్దొచ్చాడు. కాలేజీ వార్షికోత్సవాల్లో గిరీశం ఏకపాత్రాభినయాలుంటాయి. బుచ్చమ్మ ఏకపాత్ర నేనెక్కడా చూడలేదు. గిరీశం వారసులు మన హాస్యంలో ఎక్కడ చూసినా ఉన్నారు. కుడి తొడమీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల దొరికితే రాజయోగమని నమ్మి, ఆ మచ్చ వెతకడానికి ఆడవాళ్లని ప్రేమపేరుతో నమ్మించే కుర్రాడి కథ 1986లో 'లేడీస్ టైలర్'గా వచ్చింది. ఇప్పటికీ అది మనకి మేటి హాస్య చిత్రం. నేనూ దాన్ని చాలాసార్లు చూసి నవ్వాను. ఆడపిల్ల వెంటపడటం 2013లో చట్టం దృష్టిలో నేరమైంది. మన హాస్యం దృష్టిలో ఇంకా కాలేదు.

ఇలా అంటే "మీ స్త్రీవాదులకి నవ్వడం రాదు" అంటారు. వస్తుంది. ఆడవాళ్లు నవ్వులోకి తోసి బతికించుకున్న బాధలెన్నో. మా అమ్మమ్మ నవ్వు అలాంటిదే. ఆ సంగతి నవ్వుతూ చెప్పడం తప్ప ఇంకోలా చెప్పుకునే చోటు ఆవిడకి ఆ ఇంట్లో లేదు. ఆవిడ నవ్వడం వేరు, మేం నవ్వడం వేరు. మేం నవ్విన కొద్దీ తాతయ్య విసిరిన కంచం చిన్నదైపోయింది, ఆవిడ అల్లరి చేసిన మనిషైపోయింది. హాస్య సన్నివేశం చదివేటప్పుడు ఇప్పుడు నేను అడుగుతున్నది ఇంతే. ఇక్కడ ఎవరికి దెబ్బ తగిలింది? ఆ దెబ్బ కథలో ఉందా, కథ నుంచి తీసేశారా? తీసేస్తే అది ఎవరి సుఖం కోసం? ఈ ప్రశ్నలకి తట్టుకుని నిలబడే హాస్యం ఉంది. 'కన్యాశుల్కం'లో చాలా భాగం అలా నిలబడుతుంది. నిలబడని భాగాన్ని గొప్ప నాటకమన్న గౌరవంతో దాచిపెట్టడం గురజాడకి చేసే మేలేమీ కాదు.

మర్నాడు తరగతికి ముందుమాటలోని అంకెలు పట్టుకెళ్లి బోర్డుమీద రాశాను. నూతి సన్నివేశం మళ్లీ చదివించాను. ఈసారి వెంకమ్మగా ఆ వెనక బెంచీ అమ్మాయే చదివింది. అగ్నిహోత్రావధాన్ల కేకలకి పిల్లలు నవ్వారు. నవ్వాల్సిందే, నవ్వొచ్చేలానే ఉన్నాయి. ఆవిడ నూతివైపు వెళ్లేసరికి నవ్వు ఆగింది. "నిజంగా చచ్చిపోదామనే" అన్నాను ఆ అమ్మాయితో. ఆ అమ్మాయి తల ఊపి పుస్తకంలో ఏదో రాసుకుంది.

అమ్మమ్మ పోయి పన్నెండేళ్లయింది. మడమ నొప్పెట్టేదా అని నేను ఒక్కసారీ అడగలేదు.