మౌనం పక్కన చదువు

‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అని మనకో సామెత ఉంది. క్రైస్తవంలో క్వేకర్లనే చిన్న శాఖ ఈ భయాన్ని మూడు వందల ఏళ్ల పాటు గుండెల్లో పెట్టుకుని నడిచింది. ఆ ఉద్యమానికి ఆద్యుడైన జార్జ్ ఫాక్స్‌కు 1646లో ఒక ఎరుక కలిగింది: ఆక్స్‌ఫర్డులోనో కేంబ్రిడ్జిలోనో చదివినంత మాత్రాన ఎవరూ క్రీస్తు పరిచర్యకు తగినవారు కాలేరని. దేవుని వెలుగు ప్రతి మనిషిలోనూ ఉందనీ, మౌనంగా కూర్చున్న ఆరాధనలో ఎవరి నోటనైనా ఆయన మాట వినిపించవచ్చనీ నమ్మినవారికి పట్టా పుచ్చుకున్న పాదిరితో పనేముంటుంది?

అలాంటివాళ్లే 1960లో అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, ఎర్లామ్ కాలేజీకి అనుబంధంగా ఒక సెమినరీ పెట్టారు. పేరు ఎర్లామ్ స్కూల్ ఆఫ్ రెలిజియన్. తొలి డీన్ విల్మర్ కూపర్. దీనికి కారణం లేకపోలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరికే ఆ ప్రాంతపు క్వేకర్ సంఘాలు చాలావాటిలో పాస్టర్లు వచ్చేశారు. వాళ్లు సెమినరీలో చదవాలంటే వేరే శాఖల గడప తొక్కాల్సి వచ్చేది. మౌనారాధన సంఘాలవారికీ, పాస్టర్లున్న సంఘాలవారికీ ఒకే తరగతిలో చోటిచ్చే బడి కావాలి. అది చదువు నేర్పాలి, కానీ ఆ చదువు లోపలి స్వరాన్ని తొక్కేయకూడదు.

వడ్రంగి పనితనం తెలియాలంటే రెండు చెక్కలు కలిసేచోట వేలు పెట్టి చూడాలి. ఈ బడిలో చదువూ మౌనమూ కలిసేచోటు కూడా అలా తడిమి చూడదగ్గదే. బైబిలు, సంఘ చరిత్ర, దైవశాస్త్రం ఏ సెమినరీలోనైనా ఉండేవే. ఇక్కడ వాటి పక్కనే, వాటితో సమానమైన కోర్సులుగా, పరిచర్యకు ఆత్మను సిద్ధం చేసుకోవడం, తనకొచ్చిన పిలుపునూ వరాలనూ పరీక్షించుకోవడం ఉంటాయి. ‘నేనెందుకు వచ్చాను?’ అన్నది ఇక్కడ దరఖాస్తులో ఒకసారి రాసి వదిలేసే జవాబు కాదు. దానితో విద్యార్థి నెలల తరబడి కూర్చోవాలి.

ఇలా కూర్చోవడానికి క్వేకర్ల దగ్గర పాత పనిముట్టు ఒకటుంది: క్లియర్‌నెస్ కమిటీ. పెళ్లి చేసుకోదలచిన జంట మనసులు తేటగా ఉన్నాయో లేదో చూడటానికి పదిహేడో శతాబ్దంలోనే మొదలైంది. ఇప్పుడు ఏ పెద్ద నిర్ణయానికైనా వాడతారు. సందిగ్ధంలో ఉన్న మనిషి తన సమస్యను ముందే కాగితం మీద పెడతాడు. నలుగురైదుగురు అతని చుట్టూ మౌనంగా కూర్చుంటారు. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, తమ అనుభవం చెప్పకూడదు. ప్రశ్నలు మాత్రమే అడగాలి. ఆ ప్రశ్నల్లోనూ కల్తీ ఉండకూడదు. ‘ఫలానా పుస్తకం చదివావా?’ అనేది ప్రశ్న వేషం వేసుకున్న సలహా. ‘ఆ పని తలుచుకున్నప్పుడు నీ మనసు ఎక్కడ ఆగిపోతోంది?’ అనేది అసలైన ప్రశ్న, ఎందుకంటే జవాబేమిటో అడిగినవారికీ తెలియదు. ఎదుటివాడి మేలు మనకే బాగా తెలుసన్న గర్వాన్ని ఇంత నిశ్శబ్దంగా దించే సాధనం నాకు మరొకటి కనబడలేదు. రేపు ఆసుపత్రి మంచం పక్కనో, చావింట్లోనో కూర్చోవాల్సిన మనిషికి ఇంతకంటే విలువైన శిక్షణ ఏముంటుంది?

ప్రసంగం నేర్పడం మరింత సున్నితమైన పని. ప్రేరణ కలిగినప్పుడే నోరు విప్పాలనే సంప్రదాయంలో, ముందుగా రాసుకున్న ప్రసంగానికి చోటెక్కడ? సిద్ధం కావాల్సింది మాట కంటే ముందు మనిషి. వాక్యాన్ని లోతుగా చదివి, చరిత్ర తెలుసుకుని, తన్ను తాను శోధించుకున్నవాడిలో ప్రేరణ పలకడానికి భాష దొరుకుతుంది. రచననూ ఈ బడి పరిచర్యగానే ఎంచి నేర్పుతుంది. 1774లో అచ్చయిన క్వేకర్ జాన్ వూల్మన్ జర్నల్ బానిసత్వం మీద ఎందరి మనస్సాక్షినో కదిపింది. ఆ వారసత్వం ఉన్నవారికి ఇది సహజమే.

అన్నిటికంటే నేను మెచ్చేది చివరి అతుకు. చదువు ముగిశాక చేతికి మాస్టర్ ఆఫ్ డివినిటీ పట్టా వస్తుంది, కానీ పట్టా ఎవరినీ క్వేకర్ పరిచారకుణ్ణి చేయదు. హస్తనిక్షేపణ చేసి అభిషేకించే ఆచారమూ వాళ్లకు లేదు. ఒకరిలో వరం ఉందని సంఘానికి తోస్తే, ఆ సంగతి తన సమావేశాల మినిట్స్ పుస్తకంలో రాసుకుంటుంది. ఇవ్వడం కాదు, ముందే ఉన్నదాన్ని నమోదు చేయడం. 1646లో ఫాక్స్ పడ్డ భయానికి ఆ పుటే జవాబు.