చూపుకూ కూలి కట్టాలి

మా చేవెళ్ల వైపు పాలీహౌస్ రైతుల లెక్కల పుస్తకం తెరిస్తే మందు డబ్బాలకో పద్దు, మందు కొట్టినవాళ్ల కూలికో పద్దు ఉంటాయి. ఆకు తిప్పి చూసినందుకు ఇంత అని రాసిన పద్దు మాత్రం వెతికినా దొరకదు. చూడటం కూడా ఒక పనేనా అనుకుంటాం. గులాబీ తోటలోకి పురుగును తినే మిత్రనల్లుల్ని దించిన దగ్గర్నుంచి నాకు అసలు పని అదే అయింది.

ఎండలు ముదిరితే గులాబీకైనా కీరదోసకైనా ఎర్రనల్లి తప్పదు. కంటికి ఆనీ ఆనని అర మిల్లీమీటరు జీవి. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. పైవైపు పాలిపోయిన సన్నటి చుక్కలు తేలతాయి. అప్పటికీ పట్టించుకోకపోతే చిగుళ్ల చుట్టూ గూడు అల్లేస్తుంది. 30 డిగ్రీల వేడిలో గుడ్డు పగిలి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టడానికి వారం పది రోజులు చాలు. తరాలు ఇంత వేగంగా మారే జీవికి మందులు అలవాటు కావడం ఎంతసేపు! ప్రపంచం మొత్తమ్మీద 90కి పైగా రసాయనాలను తట్టుకున్న దాఖలాలు దీని పేరున ఉన్నాయి. దాన్ని తినే జీవులకు సాధారణంగా అంత ఓపిక ఉండదు. చాలా మందులకు ముందు పోయేది అవే.

నెదర్లాండ్స్‌లో యాన్ కోపర్ట్ అనే కీరదోస రైతుకు ఈ మందులు ఒంటికి పడలేదు. దారి వెతుక్కుంటూ 1967లో ఆయన ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే నల్లిని పట్టుకున్నాడు. అది అంతకు కొన్నేళ్ల ముందే చిలీ నుంచి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో పాటు జర్మనీ చేరిన నల్లి. ఎర్రనల్లి జాతిని తప్ప ఇంకేదీ తినదు. రోజుకు 20 గుడ్లో, ఐదారు పెద్ద నల్లులో దానికి కావాలి. విచిత్రమేమిటంటే దానికి కళ్లే లేవు. ఎర్రనల్లి కొరికిన ఆకు ఒక రకమైన వాసన విడుస్తుంది. ఆ వాసన పట్టుకుని వెళ్తుంది. చిక్కుడు జాతి మొక్కల మీద డచ్చి శాస్త్రవేత్తలు 1980ల్లో ఈ సంగతి తేల్చారు. కళ్లు లేని జీవి ఆకును వెతుక్కుంటూ వెళ్తుంటే, కళ్లున్న మనం ఆకు తిప్పి చూడటానికి బద్ధకిస్తాం.

పెర్సిమిలిస్ చల్లటి దేశాల అద్దాల ఇళ్లకు సరిపోతుంది. వేడి 30 డిగ్రీలు దాటి, గాలిలో తేమ తగ్గితే డీలా పడుతుంది. ఏప్రిల్‌లో మా పాలీహౌస్ పొయ్యే. ఇక్కడికి మన నేల మీదే ఉన్న నియోసియులస్ లాంగిస్పైనోసస్ నయం. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో దీన్ని పెంచే పద్ధతి మీద పనిచేసింది. ఆ పద్ధతి వింటే కొత్తవాళ్లు నోరు తెరుస్తారు. ముందు బీన్స్ మొక్కలు పెంచాలి. వాటికి కావాలనే ఎర్రనల్లి పట్టించాలి. ఆకులు పాలిపోయాక మిత్రనల్లిని వదలాలి. అది తిని, పెరిగి, కిక్కిరిశాక ఆ ఆకులే కోసి తోటలో పురుగున్న చోట కొమ్మలకు తగిలించాలి. శత్రువుకు అన్నం పెట్టకుండా మిత్రుణ్ణి పెంచలేం.

ఆ ఆకులు చల్లటి పొద్దులో తగిలిస్తాం. తర్వాత పనంతా పది రెట్లు పెద్దగా చూపే చిన్న లెన్స్‌ది. ఆకు వెనక రెండు నల్ల మచ్చలతో బద్ధకంగా కదిలేది ఎర్రనల్లి. నున్నగా మెరుస్తూ, పొడుగాటి కాళ్లతో, అక్కడక్కడ ఆగి తడుముతూ ఉరికేది మిత్రనల్లి. గుడ్లలోనూ తేడా ఉంటుంది: ఎర్రనల్లిది గుండ్రం, మిత్రనల్లిది కోల. పూలు కోసే ఒక అక్క ఈ తేడాలన్నీ నాకంటే ముందు పట్టేసింది. ‘అన్నా, ఇది ఉరుకుతున్నది, మనదే. మందు కొట్టకు’ అంటుంది. ఆ ఒక్క మాట మీద మందు కొట్టే పంపు ఆ వారం షెడ్డులోనే ఉండిపోతుంది.

పంపు ముట్టకుండా ఉండటం అన్నిటికంటే కష్టం. రైతు కంటికి పురుగు కనిపించకూడదు, అంతే. కానీ పురుగు పూర్తిగా పోతే దాన్ని తిని బతికేదీ పోతుంది. 1960ల్లో ఇంగ్లండ్‌లోని లిటిల్‌హాంప్టన్ గ్లాస్‌హౌస్ పంటల పరిశోధన కేంద్రంవాళ్లు ఇంకో అడుగు వేశారు. కీరదోస తోటలో ఎర్రనల్లిని సమానంగా తామే పట్టించి, ఆ తర్వాత మిత్రనల్లిని వదిలారు. పురుగు ఎక్కడుందో తెలిసి ఉండటమే వాళ్ల పథకం.

మందులకు స్వస్తి చెప్పడానికి ఒక్కోసారి ఊరంతా దెబ్బ తినాల్సి వస్తుంది. 2006 చివర్లో స్పెయిన్ మిరపలో నిషిద్ధ మందు అవశేషాలు జర్మనీలో దొరికాయి. దాంతో స్పెయిన్‌లోని అల్మేరియా రైతులు రెండు మూడేళ్లలోనే పెద్ద ఎత్తున మిత్రపురుగుల దారి పట్టారు. అక్కడ తెల్లదోమ, తామర పురుగు మీద అంబ్లీసియస్ స్విర్‌స్కీ అనే మరో నల్లిని వాడతారు. మిత్రనల్లితో పాటు తవుడు, దానికి ఆహారమయ్యే నల్లులు ఉన్న చిన్న సంచులు మొక్కకు వేలాడదీస్తే వారాల తరబడి వాటిలోంచి మిత్రనల్లులు దిగుతూనే ఉంటాయి.

సంచి కొనడం సులువు. దిగినవి బతికాయా, పురుగు పట్టిన ఆకుల్లో ఎన్నింటి మీద మిత్రనల్లి ఉంది అన్నది వారం వారం చూడాలి, రాసుకోవాలి. పురుగు పెరుగుతూ మిత్రనల్లి తగ్గితే మళ్లీ వదలాలి. మిత్రనల్లి పెరిగితే చేయి ఆపుకోవాలి. ఈ నిర్ణయం లెన్స్ పట్టిన మనిషిది. మన దగ్గర పాలీహౌస్‌కు సబ్సిడీ, డ్రిప్‌కు సబ్సిడీ ఉన్నాయి. లెన్స్ పట్టే అక్కకు శిక్షణ ఇచ్చే ఆలోచన మాత్రం ఎక్కడా వినపడదు. ఆమె పని పూల కోత కూలిలో కలిసిపోతుంది. మిత్రనల్లి వల్ల మందు ఖర్చు మిగిలిందని గొప్పగా చెప్పుకునే ముందు, మిగిలిన ఆ డబ్బులో ఎంత ఆమె చేతికి వెళ్లిందో రైతు తన పుస్తకంలో చూసుకోవాలి.