చీలితేనే పలక

మార్కాపురం గనిలో ఆ క్షణాన్ని కళ్లారా చూడాలండీ! నల్లని బండను నిలబెట్టి, అంచున పలుచటి ఉలి ఆనించి, సుత్తితో తట్టీ తట్టనట్టు తడతాడు పనివాడు. ముందు వెంట్రుకవాసి గీత. మరో తట్టు. టక్కుమని చిన్న చప్పుడు. బండ తాళపత్ర గ్రంథంలా విచ్చుకుంటుంది. వంద కోట్ల ఏళ్లకు పైబడి ఎండ పొడ ఎరగని మొహం! అప్పుడే తడి ఆరినట్టున్న నునుపు, అరచేతికి పాకే చల్లదనం... అబ్బ, ఆ నలుపు!

దాన్ని పలక అన్నవాడికి దణ్ణం పెట్టాలి. ఫలకానికి అది వైకృతమని నిఘంటువుల మాట. సంస్కృతంలో 'ఫల్' ధాతువుకు పగలడమనే అర్థం. కాదు, మూలం ద్రావిడమేనన్న వాళ్లూ ఉన్నారు. తమిళులకది పలగై, మలయాళులకు మనలాగే పలక, పకారం హకారమైపోయిన కన్నడంలో హలగె. ఆ తగవు తెగేదాకా నా చెవి ఆగదు. పలుగు, పలుకు, పగులు అన్నీ దానికి చుట్టాల్లాగే వినిపిస్తాయి. జీడిపప్పు బద్దా పలుకే, నోటి మాటా పలుకే కదా!

ఇంకో వింత. ఇంగ్లీషువాడి స్లేటు పాత ఫ్రెంచి 'ఎస్‌క్లాట్' నుంచి వచ్చింది. దానర్థం? చీలిన పేడు! ఎక్కడి మార్కాపురం, ఎక్కడి ఫ్రాన్సు! ఒకరి మొహం ఒకరు ఎరగని మనుషులు చీలికను చూసి ఒకే ఊహ చేశారంటే ఒళ్లు పులకరించదూ?

ప్రారంభోత్సవాల్లో ఇదే మాట ఒత్తు తగిలించుకుని శిలాఫలకమై, దండలు వేయించుకుంటుంది. నాకు మాత్రం చెక్క చట్రంలో, బడిసంచిలో బలపంతో ఒరుసుకునే పలకే ముద్దు. అన్నట్టు, 1970 దాకా రాయలసీమలోని కర్నూలు జిల్లాలో ఉన్న నేలాయె మార్కాపురం. ఆ సీమలో డప్పునూ పలకనే అంటారు. అక్షరానికీ దరువుకీ ఒకే పేరు!

నా బల్ల మీద మూల విరిగిన పాత పలకొకటి ఉంది. బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి రుద్దిన నిగనిగ ఇంకా పోలేదు. విరిగినచోట పొరలు లెక్కపెట్టుకోవచ్చు. గోటితో మీటితే ఖంగుమంటుంది.