నమ్మకానికీ కులముంది

2020లో వచ్చిన 'స్కామ్ 1992' ధారావాహికను మన కుర్రాళ్ళు ఎగబడి చూశారు. హన్సల్ మెహతా తీసిన ఈ కథకు ఆధారం 1993లో దేబాశిష్ బసు, సుచేతా దలాల్ రాసిన 'ది స్కామ్'. చిన్న బట్టల వ్యాపారి కొడుకు హర్షద్ మెహతా దలాల్ స్ట్రీట్‌ను ఏలడం, కూలడం ఇందులో కథ. బాగా తీశారు, కాదనను. నా పేచీ ఒక్కటే. హర్షద్‌ను బయటివాడిగా, పెద్దోళ్ళ కోటను బద్దలుకొట్టిన వీరుడిగా నిలబెట్టారు. అతను నిజంగా బయటివాడేనా?

ముందు లెక్క చూద్దాం. 1991 మొదట్లో వెయ్యి చుట్టుపక్కల ఉన్న సెన్సెక్స్ 1992 ఏప్రిల్ 22కి 4,467కు ఎక్కింది. ఆ కాలంలో దేశంలోని ఫ్యాక్టరీలు, పంటలు నాలుగింతలయ్యాయా? లేదు. పెరిగింది మార్కెట్లోకి పారిన డబ్బు. అది బ్యాంకులది, అంటే జనం దాచుకున్నది. ప్రభుత్వ సెక్యూరిటీలు అమ్మి, కొద్దిరోజుల్లో తిరిగి కొంటామని బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి డబ్బు తీసుకునేవి. మధ్యలో బ్రోకరు. సెక్యూరిటీ చేతికివ్వకుండా 'బ్యాంక్ రసీదు' ఇస్తే చాలు. బ్యాంక్ ఆఫ్ కరాడ్, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంక్ వెనక ఏమీ లేకుండానే రసీదులు రాసిచ్చాయి. ఆ సొమ్ము షేర్లలోకి పోయింది. స్టేట్ బ్యాంకు తన లెక్క అడిగింది. ఏప్రిల్ 23న సుచేతా దలాల్ వార్త వచ్చింది. ఏప్రిల్ 28న ఒక్కరోజే సెన్సెక్స్ 570 పాయింట్లు పడింది. లెక్క తేలని సొమ్ము 4,000 కోట్ల రూపాయల పైమాటేనని జానకిరామన్ కమిటీ తేల్చింది.

ఇది బొంబాయికి కొత్త కాదు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై, బానిసలు పండించిన అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు ఆగిపోయింది. మన పత్తి ధర మండింది, డబ్బు బొంబాయికి వచ్చిపడింది. బ్యాక్ బే కంపెనీ 5,000 రూపాయల షేరు 50,000 దాకా పోయింది. బ్యాంక్ ఆఫ్ బాంబే షేర్లనే తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చింది. 1865 ఏప్రిల్‌లో యుద్ధం ముగింపుకొచ్చింది, పత్తి ధర పడింది. జులై 1న వాయిదా బేరాలు తీర్చాల్సి వస్తే తీర్చగలిగినోళ్ళు లేరు. ఆ బ్యాంకు 1868లో మూతపడింది.

జనం ఆశ వల్ల మార్కెట్ ఎక్కుతుంది, భయం వల్ల కూలుతుంది అని పండితులంటారు. ఆశ, భయం ఎప్పుడూ ఉన్నవే. అప్పు పారినంతకాలం ఎక్కుతుంది, అప్పు ఆగితే పడుతుంది. బసు, దలాల్‌ల పుస్తకం బ్యాంకుల పాత్రను విడమరచి చెప్పింది. తెర మీదికొచ్చేసరికి వీరుడు ముందుకొచ్చి బ్యాంకు వెనక్కిపోయింది.

మరి అప్పు ఎవరిని నమ్మి పారుతుంది? అసలు ప్రశ్న ఇదే. కొలంబియాలో అర్థశాస్త్రం చదివొచ్చిన అంబేద్కర్, బరోడా కొలువులో అవమానపడి బొంబాయి చేరాక, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టారు. ఆయన అంటరానివాడని తెలిశాక వచ్చేవాళ్ళు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. అంత చదువుకు దొరకని నమ్మకం అదే ఊళ్ళో ఉత్త రసీదుకు దొరికింది!

నా సంగతీ చెప్తా. మా ఇంట్లో బ్యాంకు మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే, స్కాలర్‌షిప్ ఖాతా కోసం. తెలిసిన ఖాతాదారు సంతకం కావాలన్నారు. మా వాడలో ఖాతా ఉన్నోళ్ళే లేరు. మూడుసార్లు తిరిగి, చివరికి ఊళ్ళో పటేలు సంతకం అడుక్కున్న. నాలుగు వందల రూపాయల ఖాతాకు అంత పూచీ!

హర్షద్ పేదరికం నుంచి వచ్చుండొచ్చు. కానీ అతని ముందు తలుపు తెరుచుకుంది, అతని మాట చెల్లింది. అది సగం కథ. మిగతా సగం, తలుపు ఎవరికి తెరుచుకోలేదన్నది. ఆ సగాన్ని మన పరిశోధకులే రాయాలి.