సూది కంటే ముందు వేలు

మోకాలి చిప్ప కిందుగా, బయటి వైపు, వేలికి తగిలే గుంట ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి నాలుగు వేళ్ల వెడల్పు కిందికి దిగి, కాలి ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు పక్కకి జరిగితే దొరికేది జూసాన్లీ. కడుపు బాధలకీ కాళ్ల నీరసానికీ చైనా వైద్యులు తరతరాలుగా ముందుగా వెతికే బిందువు ఇది. ఆ నాలుగు వేళ్లు రోగివే అయి ఉండాలి, వైద్యుడివి కాదు. రోగి బొటనవేలి కణుపు దగ్గర వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు కలిపితే మూడు త్సున్‌లు. పసివాడికి చిన్న త్సున్, ఆజానుబాహువుకి పెద్ద త్సున్. మనిషి కొలత మనిషిలోనే ఉందని పట్టుకున్న ఈ పద్ధతి నాకు ఆక్యుపంక్చర్ మొత్తంలో అన్నిటికంటే ముందు విద్యార్థికి చూపించదగినదిగా అనిపిస్తుంది.

ఇలాంటి సంప్రదాయ బిందువులు 361. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో వీటికి ఉమ్మడి పేర్లూ సంఖ్యలూ ఖరారు చేసింది కాబట్టి బీజింగ్‌లో చదివినా చెన్నైలో చదివినా జూసాన్లీ అంటే జఠర నాడీమార్గంలో 36వదే. ఇంటర్ బైపీసీలో బట్టీ పట్టడం అలవాటైన పిల్లలకి ఈ జాబితా అప్పజెప్పడం పెద్ద పని కాదు. కష్టమంతా వేలితో ఉంటుంది. లావుపాటి కాలు మీద ఎముక అంచు ఎక్కడో తడిమి తెలుసుకోవాలి. మణికట్టు గీత నుంచి రెండు త్సున్‌లు పైకి, రెండు స్నాయువుల నడుమ ఉండే నైగువాన్‌ని, ఆ స్నాయువులు పైకి తేలని చేతిలోనూ పట్టుకోగలగాలి. వాంతులకి, వికారానికి వాడే బిందువు ఇది. శస్త్రచికిత్స తర్వాతా, కీమోథెరపీలోనూ వచ్చే వికారానికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం చెప్పింది.

ఇక సూది. ఇంజెక్షన్ సూదిలా లోపల బోలుగా ఉండదు. మందం సాధారణంగా పావు మిల్లీమీటరు. నిలువుగా దించాలా, 45 డిగ్రీలు వాల్చాలా, చర్మం కిందనే దాదాపు పడుకోబెట్టాలా అన్నది ఆ చోట కింద ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. సూది సరైన లోతుకి చేరితే రోగికి అక్కడ బరువుగానో, తిమ్మిరిగానో, లాగినట్టుగానో అనిపిస్తుంది. దీన్ని దెచీ అంటారు. అదే క్షణంలో వైద్యుడి వేళ్లకి కూడా లోపల కండ సూదిని పట్టుకున్నట్టు తెలుస్తుంది. గాలానికి చేప తగలడంతో పోలుస్తారు చైనా గురువులు. ఈ పట్టు వీడియో చూస్తే రాదు. సబ్బు బిళ్ల మీద, దూది ఉండ మీద, తర్వాత తన కాలి మీద, ఆ తర్వాత తోటి విద్యార్థి చేతి మీద, చివరికి గురువు పక్కన నిలబడి ఉండగా రోగి మీద అభ్యాసం చేస్తేనే వస్తుంది.

మెడకీ భుజానికీ మధ్య కండ మీద జియాన్‌జింగ్ అనే బిందువు ఉంది. మెడనొప్పికి చాలామంది వాడతారు. దాని కిందే ఊపిరితిత్తి కొన. సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లుపడి ఛాతీలో గాలి చేరుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న హెగూని గర్భిణికి గుచ్చకూడదన్నది పాత నియమం. అందుకే శరీర నిర్మాణ శాస్త్రం లేని ఆక్యుపంక్చర్ కోర్సు కోర్సే కాదని గట్టిగా అంటాను.

శరీర నిర్మాణంతో కలిపి ఆక్యుపంక్చర్‌ని పద్ధతిగా నేర్పే చోటు చెన్నైలో, అరుంబాక్కంలో ఉంది. అన్నా ఆర్చ్ దగ్గర, అరిజ్ఞర్ అన్నా ప్రభుత్వ భారతీయ వైద్యశాల ఆవరణలోని ప్రభుత్వ యోగ, ప్రకృతి వైద్య కళాశాల అది. 2000లో మొదలైంది. తమిళనాడు డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. అక్కడి బి.ఎన్.వై.ఎస్. డిగ్రీ ఐదున్నరేళ్లు, అందులో ఏడాది హౌస్ సర్జన్సీ. శరీర నిర్మాణం, శరీర ధర్మం, రోగ నిర్ధారణ చదివిన తర్వాత ఉపవాసం, జలచికిత్స, యోగాతో పాటు ఆక్యుపంక్చర్ కూడా నేర్పుతారు. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలోనూ ఇదే డిగ్రీ ఉంది కాబట్టి తెలుగు పిల్లలకి చెన్నై ఒక్కటే దారి కాదు. కానీ నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకి దగ్గర చెన్నైయే.

అరుంబాక్కం ఆవరణలోనే సిద్ధ వైద్య కళాశాల కూడా ఉంది. తాంబరం శానిటోరియంలో 2005లో ప్రారంభమైన జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఉంది. సిద్ధ వైద్యంలో వర్మం అనే శాఖ శరీరంలో 108 మర్మస్థానాలు చెబుతుంది, సూది లేకుండా వేలి ఒత్తిడితోనే చికిత్స చేస్తుంది. కన్యాకుమారి ప్రాంతంలో ఆశాన్‌లు అనే గురువులు గురుశిష్య పరంపరలో కాపాడుకొచ్చిన విద్య ఇది. చెన్నైలో ఆక్యుపంక్చర్ నేర్చుకునేవారు వర్మం చేసే చేతిని ఒక్కసారైనా దగ్గర నుంచి చూడాలి. రెండు దేశాలు వేరువేరుగా మనిషి శరీరాన్ని తడిమి ఏమేం కనుక్కున్నాయో పోల్చుకునే భాగ్యం చాలా ఊళ్లలో దొరకదు.

మన దేశానికి ఆక్యుపంక్చర్ వచ్చింది కలకత్తా మీదుగా. 1938లో చైనాకి వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు డాక్టర్ బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. బసు 1958లో మళ్లీ వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో చికిత్స మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికో చట్టం చేసింది, తర్వాత మహారాష్ట్ర చేసింది. కేంద్రం 2003లో దీన్ని ఒక చికిత్సా విధానంగా ఒప్పుకుని, రిజిస్టర్డ్ వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవారు గానీ చేయవచ్చంది. 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. ఆ 'తగిన శిక్షణ' అన్న మాటకి ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవడం వల్లే ఆరు నెలల ఆదివారం తరగతులు పుట్టుకొచ్చాయి.

లెక్క వేసి చూడండి. వారానికి ఆరు గంటలు, 26 వారాలు, మొత్తం 156 గంటలు. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వైద్య పట్టా లేనివారికి రెండేళ్లలో 2500 గంటల శిక్షణ కావాలి, అందులో కనీసం 1000 గంటలు రోగుల దగ్గర, చేతితో చేసే అభ్యాసంలో గడవాలి. అప్పటికే ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు తన వైద్యంలో కొద్దిగా వాడుకోవడానికే 200 గంటలు చెప్పింది. ఇంటర్‌తో వచ్చిన పిల్లవాడికి అంతకంటే తక్కువ నేర్పి, గోడకి తగిలించుకోవడానికి సర్టిఫికెట్ ఇచ్చి పంపితే నష్టపోయేది వాడూ, వాడి దగ్గరికి వచ్చే రోగీ.

మంచి గురువు ఈ విద్య హద్దుల్ని కూడా చెబుతాడు. జర్మనీలో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 1162 మంది మీద చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో ఆరు నెలల తర్వాత అసలు ఆక్యుపంక్చర్ వల్ల 47.6 శాతం మందికి ఉపశమనం కలిగింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చిన నకిలీ చికిత్సతో 44.2 శాతం, మామూలు చికిత్సతో 27.4 శాతం. రోగికి మేలు జరిగిందనేది నిజం, అది బిందువుల వల్లేనా అన్న ప్రశ్న తేలలేదనేదీ నిజం. ఈ రెండు నిజాలూ తరగతిలో ఒకే గొంతుతో చెప్పే చోట చదవాలి. కేన్సర్, షుగర్, కాన్పు అన్నీ సూదితోనో స్పర్శతోనో చూసుకుంటాం, ఆసుపత్రి అక్కర్లేదు అని నేర్పే చోట కాలు పెట్టకూడదు. 2024లో తిరువనంతపురంలో ఇంట్లోనే కాన్పుకి ప్రయత్నించి తల్లీ బిడ్డా చనిపోయారు. ఆ కేసులో ఆక్యుపంక్చర్ చేసే వ్యక్తిని అరెస్టు చేశారు. ఎప్పుడు గుచ్చకూడదో, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో చెప్పని చదువు ప్రాణాలు తీస్తుంది.

ఫీజు అడిగే ముందు ఓపీలో ఒక పూట కూర్చోనివ్వమని అడగండి. రోగి నాలుక చూసి, రెండు మణికట్ల దగ్గరా మూడేసి చోట్ల నాడి పట్టి, పాత రిపోర్టులు కూడా చదువుతున్నారా? విద్యార్థి గుచ్చుతుంటే గురువు పక్కనే ఉన్నారా? ఎన్ని సూదులు గుచ్చారో రాసుకుని, తీసేటప్పుడు లెక్క సరిచూస్తున్నారా? వాడిన సూది అక్కడికక్కడే తెల్లటి గట్టి డబ్బాలో పడుతోందా? చదువు పూర్తయ్యాక పేరు ఏ రిజిస్టరులో చేరుతుందో, ఆ రిజిస్టరు ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా ఇమ్మనండి. తెలుగు ఇంటి నుంచి చెన్నై వెళ్లే విద్యార్థి మొదటి ఏడాదిలోనే తమిళం పట్టుకోవాలి. రోగి తన నొప్పి సలుపో, లాగుడో, మంటో తమిళంలోనే చెబుతాడు, ఏ బిందువు ఎంచుకోవాలన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.